క్యాబిన్ వేరే బండిది, ఛాసిస్ నాది – ఆర్‌సీకి ఏమన్న అయితదా?

పదిటైర్ల మిర్యాలగూడ

అన్నలందరికి నమస్తే. నాది టాటా 2518, పది టైర్ల బండి, 2016 మోడల్, టీఎస్ 05 నంబరు. ఓనర్ను నేనే, డ్రైవర్ను నేనే. వాడపల్లి దిక్కు నుంచి హైదరాబాద్‌కు సిమెంటు తోలుత. వచ్చేటప్పుడు ఏది దొరికితే అది.

మొన్న సంక్రాంతి పోయిన వారానికి, రాత్రి రెండున్నరకు, తిప్పర్తి దాటినంక ఆగి ఉన్న లారీని ఎన్కనుంచి కొట్టిన. నా తప్పు లేదని చెప్పను, ఒక్క రెప్పపాటు కండ్లు అంటుకున్నయి. కాని ఆయన కూడా లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు, ఎన్క నాలుగు బండరాళ్లు పెట్టి టైరు ఇప్పుకుంట కూసున్నడు. రాళ్లు కనపడ్డంక బ్రేకు తొక్కితే లోడు బండి యాడ ఆగుతది? స్టీరింగు కుడికి కోసిన. ఎడమ మూల పోయి ఆయన ఎన్క డాలకు తగిలింది. క్లీనర్ దిక్కు తలుపు సీటు మీదికి వచ్చింది. మా పోరడు నార్కట్‌పల్లిల చాయ తాగుదాం లేపమని చెప్పి అప్పుడే ఎనక బెర్తు మీదికి ఎక్కి పండుకున్నడు, గందుకే బతికిండు. కాలు బెణికింది, గంతే. ఆ టైరు ఇప్పేటాయనకు కూడా ఏం కాలే, దేవుని దయ.

ఇగ బండి సంగతి. రేడియేటర్ పోయింది, ఇంజిన్ మంచిగుంది. మేస్త్రి ఛాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి, ఈ మూల నుంచి ఆ మూలకు దారం పట్టి కొలిచిండు, వంకర లేదన్నడు. క్యాబిన్ మాత్రం పనికిరాదు. ముందు పిల్లర్ మడతపడ్డది, కింద ఫ్లోరు చినిగింది. షోరూంల కొత్త క్యాబిన్, లోపల సామాను, ఫిట్టింగు, పెయింటు అన్ని కలిపి నాలుగు లక్షల చిల్లర అన్నరు. అంత నా తాన లేదు. రీఫైనాన్స్ కిస్తీలే ఇంకా పదకొండు ఉన్నయి.

అందుకని ఒక పాత సామాన్ల దుకాణంల క్యాబిన్ చూసిన. 2018 మోడల్ బండిది, ఎన్కకు బోల్తా పడ్డదంట, క్యాబిన్‌కు దెబ్బ లేదు. తలుపులు కొట్టి చూసిన, సొట్టల మీద మక్కు పెట్టిన చప్పుడు రాలేదు. 85 వేలకు బేరం కుదిరింది, 20 వేలు బయానా ఇచ్చిన.

ఇంటికొచ్చినంక ఫొటోలు పెద్దగ చేసి చూస్తుంటే లోపల ఒక చిన్న రేకు ప్లేటు కనపడ్డది, రెండు రివిట్లతోని కొట్టి. దాని మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. ఆ బండివి. నా పాత క్యాబిన్‌ల కూడా గసొంటిదే ఉంది, ఇన్నేండ్లు నేను దాన్ని చూసినోన్నే కాదు. దుకాణమాయన ఏమంటడంటే, "అది పీకి మీ ప్లేటు తెచ్చి కొట్టుకోండి, డ్రిల్లు మిషన్ నేనే ఇస్త". అంత అల్కగ చెప్తుంటేనే నాకు డౌటు వచ్చింది.

నాకు తెలువాల్సింది ఇదే. నా బండికి గుర్తింపు ఏది, కింద ఛాసిస్ మీద కొట్టిన నంబరా, క్యాబిన్‌ల ప్లేటా? ఆర్‌సీల ఏమన్న మార్పిచ్చాల్నా? ఆర్‌సీల రంగు బ్రౌన్ అని ఉంది, ఈ క్యాబిన్ తెలుపు. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ చెకింగు, వచ్చే నెల ఉంది. ఆర్టీఓ ఆఫీసుల బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఇరుక్కుంటనా? ఇన్సూరెన్స్ క్లెయిం పెట్టిన, సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకొని పోయిండు. ఒకాయనేమో "సెకండ్ హ్యాండ్ వేసుకో, కొత్తదాని బిల్లు నేను ఇప్పిస్త" అంటున్నడు. ఎవరన్న చేసినోల్లు ఉంటే నిజం చెప్పుండ్రి.

జడల లారీ

ఏం గాదు బ్రదర్. మా ఊర్లె ఎన్ని బండ్లకు క్యాబిన్లు మార్చిండ్రు, ఎవడడిగిండు? బ్రౌన్ పెయింటు కొట్టి తోలుకో. ఆఫీసుల చుట్టు తిరిగితే నెల పోతది.

సూర్యాపేట క్యాబిన్ మేస్త్రి

తమ్మీ, పైన చెప్పినాయన మాట సగం నిజం. క్యాబిన్ మార్చుడు నేరం కాదు. అట్లయితే నేను ముప్పై ఏండ్ల సంది జైల్లనే ఉండాలె.

మీకు తెల్వదు గాని, అప్పట్ల లారీ కొంటే క్యాబినే వచ్చేది కాదు. కంపెనీ నుంచి ముందర మొకం, స్టీరింగు, ఒక సీటు, ఛాసిస్. డ్రైవరు కండ్లకు అద్దాలు, మూతికి తువ్వాల కట్టుకొని ఎండల వానల అట్లనే తోలుకొచ్చేటోడు. టేకు చెక్కతోని ఫ్రేము, మీద రేకు, లోపల అద్దాలు, పూసలు అన్ని మేమే చేసేది. ఒక్కొక్క ఊరి క్యాబిన్‌ది ఒక్కొక్క వాటం. రోడ్డు మీద చూసి ఇది ఫలాన ఊర్ల కట్టింది అని చెప్పేటోల్లం. గిసొంటి బండికి క్యాబిన్‌ల నంబరు ఎక్కడిది? అందుకనే లారీ అంటే ఛాసిస్సే. నంబరు కంపెనీ వాడు ఆ చట్రం పట్టీ మీద కొడతడు, పేపరు మీద కాదు.

నీ బండికి కుడి దిక్కు పొడుగు పట్టీ మీద, ముందు చక్రం దగ్గర ఉంటది చూడు. స్టీరింగు పూర్తిగ ఎడమకు తిప్పు, టైరు పక్కకు జరిగి చెయ్యి పోయేటంత సందు అయితది. పదేండ్ల గ్రీజు, సిమెంటు దుమ్ము కలిసి గట్టిపడి ఉంటది. డీజిల్ బట్టతోని నానబెట్టి తుడువు. మొండిగ ఉంటే ఇత్తడి బ్రష్షు పెట్టు. గ్రైండర్ మాత్రం ముట్టియ్యకు, ఉప్పు కాగితం కూడా వద్దు. 17 అక్షరాలు రావాలె. టాటాకు ఎంఏటీతోని మొదలైతది, లేలాండ్‌కు ఎంబీ1. మధ్యల ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండయి, ఒకటి, సున్నాలతోని కలగల్సిపోతయని పెట్టరు. గుండ్రంగ కనపడితే అది సున్నానే.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, ఒకసారి మా దగ్గర పనికొచ్చిన పోరడు క్యాబిన్ బ్రాకెట్ బోల్టు ఊడట్లేదని గ్యాస్ కటింగ్ పెట్టిండు. నిప్పు రవ్వలు పోయి నంబరు మీద పడ్డయి, మూడు అంకెలు మాసినయి. వాడేమో భయపడి గ్రైండర్ పెట్టి సాపు చేసిండు. ఇగ చూడు, ఎఫ్‌సీకి పోతే ఇది ట్యాంపరింగ్ అన్నరు. నంబరును లేబుకు పంపితే యాసిడ్ పెట్టి కింద ఎంత లోతుకు కొట్టింది ఉంటే అంత బయటికి తీస్తరంట. ఆ ఓనరు నా మొకం మీద ఉమ్మేసినంత పని చేసిండు. అప్పటి సంది నా షెడ్డుల క్యాబిన్ దించే ముందు ఆ నంబరు మీద తడి గోనెసంచి కట్టిస్త, ఫొటో తీయిస్త.

ఇంకొకటి. నీది 2016, బీఎస్ 3, అంటే పాత పొగ రూలు ఇంజిన్. వాడు ఇచ్చేది 2018, అంటే బీఎస్ 4. క్యాబిన్ డొప్ప ఒక్కటే లెక్క కనపడతది, లోపల ఒక్కటి కాదు. నీ బండికి యాక్సిలేటర్ వైరు, ఆ బండికి పెడల్ కింద సెన్సార్. మీటరు వేరే, వైరింగ్ వేరే. నీ పాత క్యాబిన్‌ల డ్యాష్‌బోర్డు వైరింగ్ మొత్తం తెగకుండ తీసి పెట్టుకో, పెడల్ సెట్టు కూడా. మీటరు పగిలితే అది చూడాలె. టిల్టింగ్ లాకు, ఎన్క రబ్బరు బుష్షులు కొత్తయి వేయి, అండ్ల పైసలు మిగిలించుకోకు. లాకు సరిగ పట్టకుంటే బ్రేకు కొట్టినప్పుడు క్యాబిన్ ముందుకు లేస్తది.

టాటాల కొత్త రకం సిగ్నా క్యాబిన్ మంచిగుంటదని ఇప్పుడు పోరగాండ్లు పాత రకం ఎల్పీటీ బండ్లకు అదే పెట్టమని అడుగుతున్నరు. నేను చెయ్య. గట్ల చేస్తే బండి రూపమే మారుతది, కాగితాలల్ల ఉన్నది ఒకటి, రోడ్డు మీద ఉన్నది ఒకటి. నువ్వు మోడల్‌కు మోడలే వేస్తున్నవ్, అది మంచిది.

ప్లేటు సంగతి నాకు తెల్వదు, చదువుకున్నోల్లు చెప్తరు. కాని ఎవడన్న "పీకి కొట్టు" అని డ్రిల్లు చేతికి ఇస్తే, చెయ్యి ఎన్కకు తీస్కో.

పదిటైర్ల మిర్యాలగూడ

మేస్త్రీ, నీకు దండం. నువ్వు చెప్పినట్లే పొద్దున పోయి తుడిచిన. గంటన్నర పట్టింది. ముందుగాల ఏం కనపడలే, నా గుండె గుభేలుమన్నది. తర్వాత డీజిల్ ఊరినంక ఒక్కొక్కటి బయటపడ్డయి, మట్టిల నుంచి పల్లికాయలు తీసినట్లు. తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగ పట్టి రుద్దిన. 17 అక్షరాలు సాపుగ వచ్చినయి, ఆర్‌సీతోని ఒక్కొక్కటి పట్టి చూసుకున్న. నాలుగో సారి మా ఇంటామె సదివింది, నేను ఆర్‌సీ చూసిన.

పాత మీటరు అద్దం పగిలింది, లోపలిది కూడా తిరుగుతలేదు. వైరింగ్ మంచిగుంది.

పాలమూరు ఉల్లిగడ్డ

అన్నా, నాది జడ్చర్ల. ఆ ప్లేటు గురించి నేను చెప్త, ఎందుకంటే మూడు రోజులు నేను దాని వల్లనే రోడ్డు మీద పన్న.

మూడేండ్ల కింద నేను గూడ నీ లెక్కనే పాత క్యాబిన్ తెచ్చి వేసిన. బిల్లు అడిగితే "చిట్టీ రాసిస్త" అన్నడు. చిట్టీల ఏముందంటే, "క్యాబిన్ 1, నగదు ముట్టింది". అంతే. దుకాణం పేరు కూడ లేదు. క్యాబిన్‌ల ప్లేటు ఉన్నట్లు నాకు గూడ తెల్వదు.

కర్నూలు నుంచి ఉల్లిగడ్డ ఎక్కించుకొని వస్తుంటే ఒక చెకింగ్ కాడ ఆపిండ్రు. వాళ్లు వేరేదానికి ఆపిండ్రు, అదెవరో దొంగ లారీల కేసంట. ఒకాయన క్యాబిన్‌లకు ఎక్కి టార్చి వేసి ఆ ప్లేటు నంబరు రాసుకున్నడు. నా ఆర్‌సీతో కలవలే. అయిపాయె. నేనేమో కింద ఛాసిస్ చూడండి సార్ అంటున్న, కింద చూస్తే గ్రీజు. వాళ్ల దృష్టిల, నంబరు ఒకటి చూపిస్తున్నోడు రెండోది దాస్తున్నడు. ఆ ప్లేటు నంబరు కొట్టి చూస్తే ఆ బండి మీద ఫైనాన్సు వాళ్ల కేసు ఉన్నది, బ్లాక్‌లిస్టుల ఉన్నది. నేను ఆ బండి మొకం గూడ చూడలే!

రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చిండు, ఆయన అసలు పని తెలిసినాయన. చక్రం తిప్పిచ్చిండు, నంబరు కడిగిచ్చిండు, ఇంజిన్ బ్లాకు మీద నంబరు గూడ చూసిండు. రెండూ ఆర్‌సీతో కలిసినయి. అయినా క్యాబిన్ ఎక్కడిదో కాగితం తెమ్మన్నడు. ఆ దుకాణమోడు ఫోను ఎత్తలే. మూడో రోజు మా అసోసియేషన్ వాళ్లు వచ్చి మాట్లాడితే పూచీకత్తు రాయించుకొని విడిచిండ్రు. అప్పటికి కింది వరుస సంచులు నీళ్లు కారుతున్నయి. ఆ వాసన ఇంకా నా ముక్కుల ఉంది.

ఆ దుకాణమోడు మోసగాడని నేను అనను, వానికి గూడ తెల్వదేమో. కాని ఒకటి తెలుసుకున్న. దొంగ సొత్తు అని తెలిసి గాని, అట్ల నమ్మే కారణం ఉండి గాని కొంటే, ఇప్పటి భారతీయ న్యాయ సంహితల 317 సెక్షన్ కింద మూడేండ్ల దాక శిక్ష ఉంటది. బేరం మరీ సులువుగ అయితే, బిల్లు ఇయ్యకుంటే, ప్లేటు పీకమంటే, "నమ్మే కారణం" అంటే ఇంకేముంటది?

నువ్వు మిగిలిన 65 వేలు ఇచ్చే ముందు ఇది చెయ్యి. ఆ ప్లేటు మీది నంబరు, ఆ బండి రిజిస్ట్రేషన్ నంబరు రెండూ అడుగు. రిజిస్ట్రేషన్ నంబరు సర్కారు యాప్ ఎంపరివాహన్ల కొట్టు, బండి స్టేటస్ వస్తది. ఛాసిస్ నంబరు పెట్టి నేరాల లెక్కలు చూసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ల వాహన్ సమన్వయ్‌ల చూడు, దొంగతనం కేసు ఉంటే అండ్ల తేలుతది. అంత సాపుగ ఉంటేనే బిల్లు రాయించు. బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబరు, ఆ బండి నంబరు, ఛాసిస్ నంబరు, "క్యాబిన్ మాత్రమే అమ్మినది" అని ఉండాలె. ఇయ్యనంటే బయానా పోయినా పోనీ. 20 వేలు పోతయి, నా లెక్క లోడు పోదు.

నష్టం లెక్కలు

పైన మేస్త్రి గారు, పాలమూరు మిత్రుడు చెప్పినవి విలువైన మాటలు. నేను మోటారు క్లెయిములు చూసే పనిలో ఉన్నాను. మూడు విషయాలు చెబుతాను, అన్నీ మీకు నచ్చకపోవచ్చు.

ముందు బిల్లు సంగతి. పాత క్యాబిన్ వేసి కొత్తదాని బిల్లు పెట్టడం మోసం. రిపేరు అయ్యాక మాలో ఎవరో ఒకరు మళ్లీ వచ్చి చూస్తారు. 2018 క్యాబిన్‌లో 2018 తలుపు అద్దం ఉంటుంది, అద్దం మీద చిన్న ముద్ర ఉంటుంది. మీ పాత క్యాబిన్ తుక్కు ఎక్కడ అని అడుగుతాం, ఎందుకంటే దాని విలువ క్లెయింలోంచి తీస్తాం. పట్టుబడితే ఈ క్లెయిం ఒక్కటే కాదు, పోయేది మీ పేరు కూడా. మీరు వేసేది పాతదే అని రాసి, దాని బిల్లు, లేబరు బిల్లు పెట్టండి.

నిజానికి కొత్తది వేసినా మీకు వచ్చేది మీరు అనుకున్నంత కాదు. మీ బండికి ఐదేళ్లు దాటి పదేళ్లు నిండలేదు కాబట్టి లోహపు భాగాల మీద 40 శాతం తరుగు తీస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ మీద 50 శాతం. అద్దానికి తరుగు లేదు. ఇంకా చూడండి, మీ పాలసీలో ఐఎంటీ 23 అనే మాట ఉందా? సరుకు బండ్లకు లైట్లు, మడ్‌గార్డులు, బంపర్, బానెట్ పక్క భాగాలు, పెయింటు వీటన్నిటికీ అది ఉంటేనే వస్తుంది. చాలామంది ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు చెబితే అది తీసేయిస్తారు, తర్వాత నా మీద అరుస్తారు. ఒకవేళ రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ (పూర్తి నష్టం) కింద లెక్కిస్తారు. నాలుగు లక్షలకు మీ ఐడీవీ ఎంతో చూసుకోండి.

రెండోది ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ దీని గురించే. కంపెనీ చెప్పిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి మౌలిక రూపం మారేలా నిర్మాణం మార్చడం అని అక్కడే వివరణ ఉంది. అదే మోడల్, అదే రకం క్యాబిన్ వేస్తే మౌలిక రూపం మారదు, అది రిపేరు కిందకే వస్తుందని నా అభిప్రాయం. కానీ ఆర్‌సీలో రాసి ఉన్నది ఏది మారినా చెప్పాల్సిందే. రంగు ఉంది, ఖాళీ బండి బరువు ఉంది, సీట్ల సంఖ్య ఉంది. ముందే అనుమతి తీసుకోకుండా చేస్తే 14 రోజుల్లోపు తెలియజేయాలని చట్టం అంటుంది. మీకు నా సలహా, ముందే పోండి. అనుమతి లేని మార్పులకు 182ఏ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. జడల లారీ గారు బ్రౌన్ పెయింటు కొట్టమన్నారు. అది మాత్రం మంచి సలహానే, రంగు మార్పు గొడవ పోతుంది.

ఫైనాన్స్ ఉంది కాబట్టి వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. వాట్సాప్‌లో "ఓకే" అని పంపితే సరిపోదు.

ఇక ప్లేట్లు. ఆ బండి ప్లేటు మీరు పీకకండి, మీ ప్లేటు మీరు కొట్టకండి. రెండు క్యాబిన్లలో రెండు ప్లేట్లు ఉన్నచోటే ఉండగా ఫొటోలు తీయండి, చుట్టూ క్యాబిన్ కనిపించేలా. ఏది తీయాలో, ఏది పెట్టాలో ఇన్‌స్పెక్టర్ ముందు, ఆయన చెప్పాకే. అంతవరకు పాత క్యాబిన్‌ను తుక్కుకు అమ్మకండి. అమ్మే రోజు దాని మీద రాసిన మీ నంబరు, పేరు గీకేసి అమ్మండి. మీ నంబరు రాసి ఉన్న క్యాబిన్ ఇంకెవరి బండి మీదో తిరిగితే చలాన్లు మీ ఇంటికే వస్తాయి.

టెక్సాస్ కోదాడ

నేను కోదాడోన్ని, ఇక్కడ డాలస్ దగ్గర ట్రక్కు తోలుత. ఇక్కడ గూడ ఇదే లొల్లి, పేరు వేరే. ఆర్‌సీ లెక్క ఇక్కడ టైటిల్ అంటరు, బండి ఎవరిదో చెప్పే కాగితం. పెద్ద ట్రక్కులకు నంబరు ఫ్రేము మీద కొట్టి ఉంటది, క్యాబ్ తలుపు పక్కన స్టిక్కరో ప్లేటో వేరే ఉంటది. 1981 మోడల్ నుంచి ఇక్కడ గూడ 17 అక్షరాలే. క్యాబ్ మార్చినోడు తలుపు కాడిది చూపిస్తే ఒక బండి, ఫ్రేము చూపిస్తే ఇంకో బండి. ఇక్కడ ఆ నంబరును తెలిసి పీకినా, చెరిపినా ఫెడరల్ నేరం, ఐదేండ్ల దాక జైలు. రిపేరు కోసం తప్పనిసరై తీసినోల్లకు మినహాయింపు ఉంది గని, అది రిపేరేనని చూపించుకోవాలె. మా యార్డుల క్యాబ్ మార్చిన ట్రక్కుకు ఒక ఫైలే ఉంటది, క్యాబ్ వచ్చిన ట్రక్కు టైటిల్ కాపీ, బిల్లు, ఫొటోలు. డాలస్‌ల అయినా దామరచర్లల అయినా నంబరు మీద చెయ్యి పెట్టకు అన్నా.

జడల లారీ

నా మాట ఎన్కకు తీసుకుంటున్న. పెయింటు ఒక్కటి వదిలి.

పదిటైర్ల మిర్యాలగూడ

అన్నలూ, నెల రోజులైంది, ఏమైందో చెప్పాలె కదా.

దుకాణమాయన్ను ఆ బండి నంబరు అడిగితే మొదలు నసిగిండు. ఫోన్ల ఎంపరివాహన్ తెరిచి ఆయన ముందే కూసున్న. ఒక గంట తర్వాత లోపలి నుంచి ఫైలు తెచ్చిండు. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద వేలం వేసిన బండి, ఆ వేలం కాగితం ఉంది. అంత సాపే! మరి ముందే చూపెడితే ఏం పాయె అంటే, "ఎవ్వరు అడగరు భయ్యా" అన్నడు. వాహన్ సమన్వయ్‌ల గూడ ఏం రాలే. బిల్లు ఛాసిస్ నంబరుతోని రాయించుకున్న. జీఎస్టీ కలిపి 85 వేలు కాస్త లక్ష దాటింది, అది వేరే బాధ.

ఫైనాన్స్ ఆఫీసుల లెటర్‌కు ఆరు రోజులు తిప్పిండ్రు. దాని గురించి రాస్తే ఇంకో పేజీ అయితది.

క్యాబిన్ ఎక్కించక ముందే రెండు ప్లేట్ల ఫొటోలు, పెన్సిల్ ప్రింటు, బిల్లు, లెటర్ పట్టుకొని ఆఫీసుకు పోయిన. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కాగితాలు చూసి, ఫిట్టింగ్ అయినంక బండి తెమ్మన్నడు. తెచ్చినంక ఆయన క్యాబిన్ దిక్కు చూడనే లేదు. సక్కగ పోయి కుడి చక్రం కాడ కూసున్నడు. టార్చి పెట్టి, వేలుతోని ఒక్కొక్క అక్షరం తడిమి, తను కూడా ఒక ప్రింటు తీసుకున్నడు, నా దానితోని పక్కపక్కన పెట్టి చూసిండు. తర్వాత ఆ ప్లేటు సంగతి అడిగితే, తన ముందే తీయించి బిల్లుతోని కలిపి ఫైలుకు పెట్టుకున్నడు. నా పాత ప్లేటు కొట్టాల్నా సార్ అంటే, "నీ నంబరు పట్టీ మీద ఉంది కదయ్యా, మళ్ల రేకు ఎందుకు" అన్నడు. వేరే ఆఫీసుల వేరే తీరు చెప్తరేమో, నాకైతే ఇట్ల చెప్పిండు. ఖాళీ బండిని కాంటా పెట్టించిండు, పాత బరువుకు ఇరవై కిలోలు తేడా, ఏం కాదన్నడు. రంగు బ్రౌనే కొట్టించిన. ఎఫ్‌సీ అయింది. ఎనిమిదేండ్లు దాటింది కాబట్టి ఒక్క ఏడాదికే.

ఎవ్వరు చెప్పనిది ఒకటి ఉంది, ఫాస్టాగ్. అది పాత అద్దం మీద ఉండె, అద్దం పొడి పొడి అయింది. ట్రయల్‌కు నల్గొండ దిక్కు పోయి మాడ్గులపల్లి టోల్ కాడ తెలిసింది. ట్యాగ్ లేనందుకు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. యూపీఐ కొట్టిన. ఒక బండికి ఒకటే ట్యాగ్ ఉంటది గనక పాతది బంద్ చేయించి బ్యాంకుల కొత్తది తీసుకోవాలె, ఆర్‌సీ కాపీ అడుగుతరు. బంపర్‌తోని ముందర నంబరు ప్లేటు గూడ వంగింది, అది హై సెక్యూరిటీది, రోడ్డు పక్క కొట్టించుకుంటే చెల్లదు, దానికి వేరే ఆర్డర్ పెట్టిన.

ఇన్సూరెన్స్‌కు పాతదే అని రాసి ఇచ్చిన. ఐఎంటీ 23 నా పాలసీల లేదు. లైట్లు, బంపర్, పెయింటు నా జేబులకెళ్లే. ఏజెంటును ఏమనాలె, ప్రీమియం తగ్గియ్యి అని మొత్తుకున్నది నేనే.

క్యాబిన్ పక్కకు ఓనరు పేరు, ఖాళీ బరువు, లోడు బరువు, టైరు సైజు, ఎఫ్‌సీ తారీకు రాయించిన. మేస్త్రీ, నా మీటరు నువ్వు అనుకున్నట్లే పోయింది, ఇంకో బీఎస్ 3 బండి మీటరు పెట్టిన. అది 3,12,000 చూపిస్తుంది. నా బండి ఆరు లక్షల నలభై వేలు దాటింది. ఎన్నడన్న అమ్మితే కొనేటోనికి చెప్పాలె కదా, పాత మీటరు ఫొటో, తారీకు డైరీల అంటించి సీటు కింద పెట్టిన.